ఊరి నడుమ సమాధులు

నల్లోళ్ల చరిత్రంటే మాకు మొదట సహవాసి తెలుగులోకి తెచ్చిన 'ఏడు తరాలు' పుస్తకమే. తిరుపతి హాస్టళ్లలో అట్టలు ఊడేదాకా చేతులు మారింది. ఆ తర్వాత చూసిన డాక్యుమెంటరీ 'ఐస్ ఆన్ ద ప్రైజ్'. హెన్రీ హాంప్టన్ అనే నల్లజాతి నిర్మాత తన జాతి పోరాటాన్ని 14 భాగాలుగా తీయించినాడు. 6 భాగాలు 1987లో, 8 భాగాలు 1990లో అమెరికా టీవీలో వచ్చినాయి.

మొదటి భాగంలోనే ఎమెట్ టిల్ వస్తాడు. 14 ఏండ్ల పిల్లోడు. 1955 ఆగస్టులో షికాగో నుంచి మిసిసిపీలో చుట్టాలింటికి పోయినాడు. అంగట్లో తెల్లామెతో మర్యాద తప్పినాడంటా ఇద్దరు తెల్లోళ్లు రాత్రిపూట ఎత్తుకపోయి చంపి, మెడకు బరువు కట్టి నదిలో పడేసినారు. అక్కడి అధికార్లు శవాన్ని గబగబా పూడ్చాలని చూసినారు. తల్లి మేమీ ఒప్పుకోలేదు. షికాగోకు తెప్పించి, పెట్టె మూత తీయించింది. గుర్తుపట్టరాని ఆ మొగాన్ని వేలమంది చూసినారు. అందరూ తెల్లోళ్లే ఉన్న జ్యూరీ గంటా ఏడు నిమిషాల్లో హంతకుల్ని వదిలేసింది. మర్సటేడు వాళ్లే ఒక పత్రిక దగ్గర డబ్బు తీసుకోని, చంపింది మేమేనని చెప్పుకున్నారు.

అది చూస్తావుంటే నాకు చుండూరు కండ్లముందర నిలబడింది. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపినారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసినారు. అక్కడ నది, ఇక్కడ కాలవ. మనోళ్లేం చేసినారు? శవాల్ని శ్మశానానికి మోయలేదు. ఊరి నడుమ పూడ్చి, రక్తక్షేత్రమని పేరు పెట్టినారు. బతికినన్నాళ్లూ ఊరి బయట ఉంచినోళ్ల కండ్లముందరే ఊరి నడుమ సమాధులు లేచినాయి. మేమీ మూత తీసింది, చుండూరు మన్ను కప్పింది. రెండూ ఒకటే పని. చంపినోడు దాచాలనుకున్నదాన్ని లోకానికి చూపించినారు.

చుండూరులోనే కూచున్న ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. సమాధులు మాత్రం ఆడనే ఉండాయి.

ఆ సినిమాకూ ఒక కథ ఉంది. అందులోని పాత వార్తాదృశ్యాలు, ఫొటోలు, పాటలు వేరేవాళ్ల సొత్తు. వాడుకునే గడువు తీరిపోయి 1990ల్లో సినిమా మూలనబడింది. డబ్బు కూడగట్టి హక్కులు మళ్లా కొన్నాకనే 2006లో తిరిగి టీవీకెక్కింది. దెబ్బలు తిన్నది ఒకరు, ఆ దెబ్బల బొమ్మకు యజమాని ఇంకొకడు!

మాకు ఆ బొమ్మ కూడా లేదు. చిత్తూరు జిల్లాలో చెరువుకట్టలకు మన్ను మోసిన మా తాతకు ఫొటోనే లేదు. మా నాయనకు ఉండేది ఒకటే, రేషన్ కార్డుకు తీసింది. అవ్వకు మాత్రం అన్నీ గ్యాపకమే. ఏ వీధిలో చెప్పులు చేతబట్టుకోని నడిచిందో, ఏ బావికాడ కడవ పెట్టుకోని ఎంతసేపు కాసుకోనుందో తేదీ తప్ప అన్నీ చెప్తాది.

ఇప్పుడు పిల్లోళ్ల చేతుల్లో సెల్‌ఫోన్లుండాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వల ముందర కూచోండి. పేరు, ఊరు, ఏడు అడగండి. మాట, మొగం రెండూ పట్టుకోండి. పట్టుకున్నదాంట్లో ఒక కాపీ ఆ ఇంట్లోనే ఉంచి రాండి. చెప్పినోళ్ల పేరుమీదే అది నిలబడాల. మన గాయాల్ని మనమే రేపు అద్దెకు తెచ్చుకునే గతి పట్టకూడదు.