కాటారం దారిలో కోటలూ గుళ్లూ

వరంగల్ నుంచి పరకాల, భూపాలపల్లి మీదుగా ఉత్తరానికి సాగే రహదారి కాటారం వద్ద మంథని బాటను కలుపుకొని, మహదేవపూర్ అడవుల గుండా కాళేశ్వరం చేరి, అక్కడ గోదావరి దాటి సిరోంచ వైపు వెళుతుంది. నేడు 353సి జాతీయ రహదారిగా పిలుస్తున్న ఈ మార్గాన్నీ, దాని నుంచి చీలే చిన్న దారులనూ పట్టుకొని వెళ్లేవారికి ఆదిమానవుని చిత్రాలు, కాకతీయుల ఆలయాలు, అడవిలో కలిసిపోతున్న కోటగోడలు ఒకే ప్రయాణంలో ఎదురవుతాయి. వీటిలో కాకతీయుల కాలపు కట్టడాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూసినప్పుడు, ఓరుగల్లు రాజ్యం చెరువు తవ్వి, గుడి కట్టి, ఊరు నిలిపి అడవిలోకి ఎలా విస్తరించిందో స్పష్టంగా తెలుస్తుంది.

ఈ దారిన జనాన్ని తొలినుంచీ నడిపించింది కాళేశ్వర యాత్ర. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే ఈ క్షేత్రంలో ఒకే పానవట్టంపై, అంటే లింగాన్ని నిలిపే పీఠంపై, కాలుడు, ముక్తేశ్వరుడు అనే రెండు లింగాలు పూజలందుకుంటున్నాయి. శ్రీశైలం, ద్రాక్షారామాలతో కలిపి దీనిని త్రిలింగ క్షేత్రాలలో ఒకటిగా లెక్కిస్తారు. బృహస్పతి ఒక్కొక్క రాశిలో ప్రవేశించినప్పుడు ఒక్కొక్క నదికి పుష్కరం వస్తుందనే సంప్రదాయం ప్రకారం 2015లో గోదావరికి, 2022లో ప్రాణహితకు, 2025లో ఇక్కడ అంతర్వాహినిగా భావించే సరస్వతికి పుష్కరాలు జరిగాయి. అయితే స్నానం, దర్శనం, తిరుగు ప్రయాణం అనే క్రమానికి అలవాటుపడిన యాత్రలో పక్కదారుల్లోని శిథిలాలకు చోటు దక్కడం అరుదు.

ఆ శిథిలాలలో అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించదగినవి గణపురంలోని కోటగుళ్లు. కాకతి గణపతిదేవుని కాలానికి చెందిన ఈ ఆలయ సముదాయంలో ప్రధానమైన గణపేశ్వరాలయంతో సహా, రెండు వరుసల ప్రాకారం లోపల, చిన్నవీ పెద్దవీ కలిపి 22 గుళ్లు ఉన్నాయి. సభామండపం కప్పు అంచును మోసే వాలు దూలాల వద్ద మదనికలు, అంటే నాట్యభంగిమలో నిలిచిన స్త్రీమూర్తులు, కనిపిస్తారు. వాటి సరసనే సగం మనిషి, సగం సింహం అయిన ఒక వింత జీవి ఏనుగుపై స్వారీ చేస్తున్న శిల్పం ఉంది. ఏనుగు అణకువనూ, పైనున్న జీవి దర్పాన్నీ ఒకే రాతిలో ఇమిడ్చిన ఆ శిల్పి చేతిని ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఇక్కడికి చేరువలోనే పాలంపేటలోని రామప్ప గుడి ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఈ రుద్రేశ్వరాలయానికి గోడలు ఎర్రని ఇసుకరాతితో, స్తంభాలు, మదనికలు నల్లని డోలరైట్ అనే గట్టి రాతితో, శిఖరం నీటిపై తేలేంత తేలికైన ఇటుకలతో నిర్మించారు. పునాది గుంతను ఇసుకతో నింపి, దానిపై కట్టడాన్ని నిలిపే పద్ధతిని ఇక్కడ అనుసరించారు. కోటగుళ్లను ముందుగా చూసి రామప్పకు వెళ్లడమే మేలైన వరుస; కూలిన గుడిలో ఏ రాయి దేనిని మోస్తుందో విడివిడిగా కనిపించిన తర్వాత, నిలిచిన గుడిలోని కూర్పు మరింత బాగా అర్థమవుతుంది. రెండు చోట్లా గుడికి తోడుగా చెరువు ఉంది. రామప్ప చెరువు కింద నేటికీ పొలాలు పారుతున్నాయంటే, గుడి కట్టించినవారు దేవునికే కాక సేద్యానికీ ఏర్పాటు చేశారన్నమాట.

రేగొండ పరిసరాల్లోని పాండవుల గుట్టలు వీటన్నిటికంటే ఎంతో పాతవి. పేరు భారత కథను తలపించినా, ఇక్కడి ఇసుకరాతి గుహల్లో అడవిదున్న, జింక, పులి వంటి జంతువులను రంగులతో చిత్రించినవారు చరిత్ర పూర్వ యుగపు వేటగాళ్లు. ఈ చిత్రాలు పరిశోధకుల దృష్టికి వచ్చింది 1990లోనే.

కాటారం మండలంలోనే ఉన్న ప్రతాపగిరి కోట పేరును స్థానికులు కాకతీయ రాజు ప్రతాపరుద్రునితో ముడిపెడతారు. ప్రాచీన రాజనీతి గ్రంథాలు కోటలను నీటి నడుమ నిలిచే జలదుర్గం, అడవి కాపాడే వనదుర్గం, కొండపై వెలిసే గిరిదుర్గం మొదలైన రకాలుగా విభజించాయి. ప్రతాపగిరికి కొండ, అడవి రెండూ రక్షణే కాబట్టి చివరి రెండు లక్షణాలూ ఇందులో కలిశాయి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తర్వాత ఇటువంటి మారుమూల దుర్గాల ప్రాముఖ్యం సహజంగానే పెరిగి ఉండాలి.

ఈ కట్టడాలను ముక్తి కోసమే కాక చరిత్ర కోసం కూడా చూడటం గత శతాబ్దంలో బలపడిన అలవాటు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పగా, దాని అధిపతి గులాం యజ్దానీ పాలంపేట ఆలయాలపై రాసిన గ్రంథం 1922లో వెలువడింది. తెలుగువారి పక్షాన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూరా శాసనాల నకళ్లు సేకరించి ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది.

2021 జూలై 25న రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరడం తెలుగువారందరికీ గర్వకారణం. ఆ గుర్తింపు పుణ్యాన పాలంపేటకు వచ్చేవారు కోటగుళ్లకూ ప్రతాపగిరికీ మళ్లేలోగా, ఆ చోట్ల ప్రతి గోడకూ కొలతలు, ప్రతి ద్వారానికీ పటం సిద్ధంగా ఉండాలి. తెలంగాణలో ఎన్నో కోటలను గుప్తనిధుల ఆశతో తవ్విపోశారు. అలా చెదిరిన రాయి ఏ వరుసలోదో పటం లేనిదే ఎవరూ చెప్పలేరు.