నమ్మినబంటుల పతనం

టాన్సిల్స్‌లో కాపలా కాసే బి కణమనే తెల్లరక్తకణానికి కట్టుబాట్లు ఎక్కువ. తన ఇష్టానికి తాను పెరగడానికి వీల్లేదు. ముందు శత్రువు ఆనవాలు తన గ్రాహకానికి చిక్కాలి. తర్వాత సాటి తెల్లరక్తకణమైన టి కణం వచ్చి ఈ బి కణం ఒంటిమీది సిడి40 అనే ప్రొటీన్‌ను తాకాలి. ఈ రెండు అనుమతులూ దొరకని కణం తలవంచి తన చావు తానే చస్తుంది. అంత విధేయత దానిది. చివరికి దాని కొంప ముంచింది ఆ విధేయతే.

దాన్ని వాడుకున్నది ఎంగిలితో పాకే ఎప్‌స్టీన్-బార్ వైరస్. అది హెర్పిస్ వంశంలోది. దాని జాడ దొరికింది ఇలా: 1963 డిసెంబరులో ఉగాండా నుంచి లండన్‌కు ఒక గడ్డ ముక్క సీసాలో బయల్దేరింది. పొగమంచుకు విమానం మాంచెస్టర్‌లో దిగడంతో ఆలస్యమైంది. సీసాలో ద్రవం మసకబారితే పాడైందనుకున్నారు. తీరా చూస్తే అవి గడ్డ నుంచి విడివడి ఇంకా బతికే ఉన్న కణాలు. వాటిని పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాక, 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ ఈ వైరస్‌ను లోకానికి చూపించారు.

పెద్దల్లో 90 శాతానికి పైగా దీన్ని మోస్తూ హాయిగానే బతుకుతారు. అది బి కణంలోకి సిడి21ని పట్టుకుని దూరుతుంది, చంపకుండా కాపురం పెడుతుంది. ఎల్‌ఎంపీ1 అనే తన ప్రొటీన్‌ను కణం చేతే చేయించి పొరలో నిలబెడుతుంది. దాన్ని బయటి నుంచి ఎవరూ తాకనక్కర్లేదు. తనలాంటి వాటితో గుంపుకట్టి, సిడి40 పంపే కబురునే పంపుతుంది. గుమ్మంలో మనిషి లేకుండానే కాలింగ్ బెల్ ఇరుక్కుపోయి మోగుతున్నట్టు, ఆ కబురుకి అంతుండదు.

లోపల కబుర్లు మోసే ట్రాఫ్ ప్రొటీన్లకు తేడా తెలియదు. సిడి40 తోకను పట్టుకునే ఆ చేతులే ఎల్‌ఎంపీ1 తోకనూ పట్టుకుంటాయి. అవి అందించిన కబురుతో ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి, పెరగమనే జన్యువులనూ చావును ఆపే జన్యువులనూ తట్టిలేపుతుంది. ఇంకోపక్క వైరస్‌దే మరో ప్రొటీన్ ఎల్‌ఎంపీ2ఏ, శత్రువు చిక్కినట్టే దొంగ కబురు పంపుతుంది. రెండు అనుమతులూ నకిలీవే. మోసినవాళ్లు మాత్రం నిజాయితీపరులు.

మామూలుగా టి కణాలు ఈ దొంగకాపురాన్ని పసిగట్టి అణిచేస్తాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషిలో మాత్రం, కొత్త అవయవం నిలవాలని ఇచ్చే మందులు వాటి చేతులే కట్టేస్తాయి. కొందరిలో అప్పుడే లింఫోమా అనే క్యాన్సర్ పుట్టుకొస్తుంది.

ఆ మందులు తగ్గిస్తే టి కణాలు లేచి గడ్డను కరిగించే సందర్భాలున్నాయి. అది చాలకపోతే రిటుక్సిమాబ్ ఎక్కిస్తారు. ఆ మందు ఒంటిమీద సిడి20 అనే గుర్తు ఉన్న బి కణాన్నల్లా పడగొడుతుంది. మోసపోయిన కణమూ, ఏ పాపమెరుగని కణమూ దానికి ఒకటే. రోగి బతకాలంటే కాపలావాళ్లందరినీ కలిపే బలిపెట్టాలి.