వాఙ్మూలంలో వదలిన వాక్యం

అపరాధ పరిశోధకుడంటే మన తరం చదువరులకు ముందుగా జ్ఞాపకం వచ్చేది కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరు. హంతకుడు పట్టుబడడంతో అటువంటి కథలు ముగిసిపోతాయి. ఆ తరువాత పరిశోధకుని మనస్సులో ఏమి మెదలుతున్నదో చెప్పవలసిన పని ఆ కథలకు లేదు. నిజమైన పరిశోధకుడొకడు, వాఙ్మూలం వ్రాసుకున్న ఇరవై రెండేండ్లకు, తాను విని కూడా వ్రాయక వదలిన మాట ఒకటున్నదని లోకానికి చెప్పుకున్న ఉదంతం మన పొరుగునే జరిగింది. అది సామాన్యమైన కేసు కాదు, రాజీవ్ గాంధీ హత్యకేసు.

1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో ఆ ఘోరం జరిగింది. ఆ సాయంత్రం రాజీవ్ మద్రాసుకు బయలుదేరినది మన విశాఖపట్టణం నుంచే. ఆ హత్యకు మా నంద్యాల ప్రాంతంతో కూడా ఒక దూరపు చుట్టరికం ఉన్నది. రాజీవ్ మరణానంతరం ప్రధాని అయిన పి.వి. నరసింహారావుగారు అప్పటికి పార్లమెంటు సభ్యులు కారు. గంగుల ప్రతాపరెడ్డిగారు ఖాళీ చేసిన నంద్యాల స్థానం నుంచి ఆ నవంబరులో పోటీచేశారు. తెలుగుబిడ్డ అన్న అభిమానంతో రామారావుగారు పోటీ పెట్టలేదు. పి.వి.గారు అయిదు లక్షల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. ఆ ఊరేగింపులూ ఆ సభలూ మావాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. అదే కాలంలో మద్రాసులో కేంద్ర నేరపరిశోధక సంస్థ, అనగా సి.బి.ఐ., తన పని తాను చేసుకుపోతున్నది.

ఆ జూన్ 11న పేరరివాళన్ అనే యువకుణ్ణి పట్టుకున్నారు. వయస్సు పందొమ్మిదేండ్లు. ఎలక్ట్రానిక్సులో డిప్లొమా చదివినవాడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీలు రెండు కొని, కుట్రకు సూత్రధారి అయిన శివరాసన్‌కు ఇచ్చాడనీ, నడుముకు కట్టుకున్న బాంబులో వాడినవి అవేననీ అతనిపై ఆరోపణ. దానికి ప్రధానమైన ఆధారం అతని నేరాంగీకార వాఙ్మూలం. దానిని వ్రాసుకున్నవారు సి.బి.ఐ. సూపరింటెండెంటు వి. త్యాగరాజన్.

ఇక్కడ కొంచెం ఆగి చట్టం సంగతి చెప్పాలి. పోలీసు ఎదుట చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదన్నది మన దేశంలో పాతమాట. 1872 నాటి సాక్ష్యచట్టంలో ఇరవై అయిదవ సెక్షను అదే. అంతకు ముందు 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోనూ ఉన్నది. తెల్లదొరలకు మనపై జాలి కలిగి పెట్టిన నియమమని ఎవరూ అనుకోనక్కరలేదు. 1855లో మద్రాసు రాజధానిలో చిత్రహింసలపై విచారణ సంఘం ఒక నివేదిక ఇచ్చింది. మన దత్తమండలాలు కూడా ఆ రాజధానిలోనివే. శిస్తు వసూలుకూ నేరం ఒప్పించడానికీ కింది ఉద్యోగులు వ్రేళ్ళు నొక్కే కిట్టి వంటి సాధనాలు వాడేవారని అందులో ఉన్నది. దానికి తెలుగుపేరు చీరత అని కూడా వ్రాశారు. (హింస ఇంగ్లీషువారి పాలనలో జరిగినా, దాని పేరు మాత్రం మన భాషలోనే నిలిచింది!) పోలీసు చెవిని నమ్మరాదన్న నియమం అటువంటి అనుభవాల నుంచి పుట్టినది. 2024 జులైలో వచ్చిన కొత్త సాక్ష్యచట్టం కూడా దానిని తీసివేయలేదు.

1987 నాటి టాడా చట్టం ఆ నియమానికి గండి కొట్టింది. సూపరింటెండెంటు స్థాయికి తక్కువ కాని పోలీసు అధికారి వ్రాసుకున్న అంగీకారం సాక్ష్యంగా చెల్లుతుందని దాని పదిహేనవ సెక్షను. 1995లో ఆ చట్టం గడువు తీరి పోయింది. 1999 మే 11న సుప్రీంకోర్టు, ఈ కేసులో టాడా నేరాలే రుజువు కాలేదన్నది. అయినా ఆ చట్టం కింద వ్రాసుకున్న వాఙ్మూలాలు హత్యానేరానికి సాక్ష్యంగా పనికివస్తాయన్నది. ప్రత్యేక న్యాయస్థానం ఉరి వేసిన ఇరవై ఆరుగురిలో పందొమ్మిదిమంది విడుదలయ్యారు, ముగ్గురికి యావజ్జీవం పడింది. ఉరి మిగిలిన నలుగురిలో పేరరివాళన్ ఒకడు.

2013 నవంబరులో, పదవీవిరమణ చేసిన త్యాగరాజన్ ఒక డాక్యుమెంటరీ చిత్రంలో నోరు విప్పారు. బ్యాటరీలు కొనియిచ్చినట్లు ఆ కుర్రవాడు చెప్పిన మాట నిజమే, కాని అవి దేనికో తనకు తెలియదని కూడా చెప్పాడు, ఆ రెండవ మాటను నేను వ్రాయలేదు, అన్నది వారి మాటల సారాంశం. దానిని వ్రాస్తే అంగీకారం అంగీకారంగా నిలవదని అప్పుడు తోచిందట. తరువాత దొరికిన ఒక వైర్‌లెస్ సందేశాన్ని కూడా వారు ఉదహరించారు. 1991 మే 7న శివరాసన్ పంపిన ఆ సందేశం ప్రకారం అసలు ఉద్దేశం తనకూ, మరి ఇద్దరు స్త్రీలకూ తప్ప ఎవరికీ తెలియదు.

పంతులు బుద్ధి పోదు కనుక ఈ మాటను వ్యాకరణంలో పెట్టి చూస్తాను. 'కొన్నాను' అన్నది సమాపక క్రియ. దానికి ముందు 'తెలియక' అన్న వ్యతిరేక క్త్వార్థకం ఉంటే కర్త ఒకడు, లేకపోతే కర్త మరొకడు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కుదిరితే వాక్యమన్నారు పెద్దలు. మిగిలిన సగం కూడా వాక్యంలాగే కనిపిస్తుంది, తప్పు ఎక్కడా పట్టుబడదు. వాక్కే మూలమైనది వాఙ్మూలం కదా. వాక్కు సగమై, వ్రాత నిండుగా కనిపించడమే ఇక్కడి ప్రమాదం.

తిరుపతి వేంకటకవులు తెలుగు చేసిన మృచ్ఛకటికం చదివినవారికి తొమ్మిదవ అంకం జ్ఞాపకం ఉండే ఉంటుంది. వసంతసేన హత్య జరిగిందని ఫిర్యాదు తెచ్చిన శకారుడు నోరుజారి, ఎవరూ అడగకుండానే, చంపినవాడు తాను కాదంటాడు. అధికరణికుడు ఆ మాటను వ్రాయమంటాడు, కాయస్థుడు వ్రాస్తాడు. శకారుడు గాభరాపడి కాలితో దానిని చెరిపివేస్తాడు. ఆ అధికరణికుడు చారుదత్తుడు హంతకుడని మనసారా నమ్మలేదు. సాక్ష్యం మాత్రం ఎదురుగా ఉన్నది. మనుధర్మం చూపి దేశబహిష్కారం చాలునని రాజుకు విన్నవిస్తాడు, రాజు వినడు. అక్కడ చెరిపినవాడు దుర్మార్గుడు, వ్రాయించినవాడు ధర్మాత్ముడు. మన కేసులో వ్రాయవలసినవాడే వదలివేశాడు. అందుకే దీనిని ధర్మానికీ దయకూ నడుమ సంఘర్షణ అనడానికి నాకు మనసొప్పదు. 1991లో ఆ గదిలో ఉన్నది ఉన్నట్లు వ్రాయడమే ఉద్యోగధర్మం, దయ కూడా అదే. రెండూ ఒకే వాక్యంలో ఉన్నవి. కేసు నిలబెట్టడమే ధర్మమని తలచినప్పుడే దయ వేరైపోయింది.

త్యాగరాజన్‌ను తిట్టిపోయడం సులువు. శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌తో పాటు బందోబస్తులో ఉన్న పోలీసులూ చనిపోయారు. దేశమంతా పరిశోధకుల ముఖం చూస్తున్న రోజులవి. ఇదంతా ఎంచిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. 2011 సెప్టెంబరు 9న ఉరి అని తేదీ పెట్టారు. మద్రాసు హైకోర్టు ఆగస్టు 30న ఆపింది కనుక సరిపోయింది. ఆ వేసవిలో వారు ఎందుకు మాట్లాడలేదు? 2013లో మాట్లాడేనాటికి ఉరిశిక్ష ఇంకా రద్దు కాలేదన్నది వారి పక్షాన చెప్పవలసిన మాట. తోటి పరిశోధకులు హర్షించకపోయినా చెప్పారు. 2017లో సుప్రీంకోర్టుకు అఫిడవిట్టు రూపంలో కూడా ఇచ్చారు.

ఫలితమేమిటన్నది కొందరు తప్పుగా చెప్పుకుంటున్నారు కనుక వ్రాస్తున్నాను. 2014 ఫిబ్రవరి 18న ఉరి యావజ్జీవంగా మారడానికి కారణం క్షమాభిక్ష అర్జీపై పదకొండేండ్ల జాప్యం. 1999 నాటి తీర్పును వెనక్కు తీసుకొమ్మన్న ప్రార్థనను 2018 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2022 మే 18న తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావుగారి ధర్మాసనం అతనిని విడుదల చేసింది, తల్లి అర్పుదమ్మాళ్ ముప్ఫయ్యేండ్లకు పైగా కోర్టుల చుట్టూ, జైళ్ళ చుట్టూ తిరిగిన పిమ్మట. ఆ తీర్పుకు ఆధారం తమిళనాడు మంత్రివర్గం 2018లో చేసిన సిఫారసుపై గవర్నరు తేల్చకుండా ఉంచడం. నిర్దోషి అని అందులో అనలేదు. 1991లో వ్రాసుకున్న వాఙ్మూలం 1999 నాటి తీర్పులో ఆనాడు వ్రాసినది వ్రాసినట్లే ఉన్నది.