పసుపుకి రెండు వారాల ముందు

పసుపు పేటెంటు గొడవ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గాయాలు మానడానికి పసుపు వాడటం కొత్త ఆవిష్కరణ అంటూ మిసిసిపీ విశ్వవిద్యాలయానికి 1995 మార్చి 28న అమెరికాలో పేటెంటు దక్కింది. మన సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో కొట్టేశారు. మన అమ్మమ్మల చిట్కా కదా, అందరికీ కోపం వచ్చింది.

దానికి సరిగ్గా రెండు వారాల ముందు, మార్చి 14న, అదే పేటెంటు ఆఫీసు మరో హక్కు ఇచ్చింది. దాని నంబరు 5397696. ఈసారి సంగతి దుంప కాదు, మనిషి నెత్తురు.

పపువా న్యూగినీ కొండల్లో హగహాయి అనే చిన్న తెగ ఉంది. మొత్తం కలిపినా అప్పటికి మూడొందల మంది లోపే. రోగాలు పీడిస్తుంటే 1980ల్లో వైద్యం కోసం తామే బయటి ప్రపంచాన్ని వెతుక్కుంటూ వచ్చారు. కారల్ జెంకిన్స్ అనే మానవ శాస్త్రవేత్త వాళ్ల ఆరోగ్యం కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. 1989లో వాళ్ల రక్త నమూనాలు తీసుకున్నారు. అందులో హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్‌లో ఒక కొత్త రకం కనబడింది. మామూలు రకం కొందరికి రక్త కాన్సరు తెచ్చేది కాబట్టి, పరీక్షలకు పనికొస్తుందని అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ దానికీ, ఒక హగహాయి మనిషి రక్తం నుంచి ప్రయోగశాలలో పెంచిన కణాలకూ పేటెంటు తీసుకుంది.

కెనడాకి చెందిన రాఫీ అనే సంస్థ దీన్ని బయటపెట్టగానే పెద్ద దుమారం రేగింది. జెంకిన్స్ గారు మాత్రం వాళ్లకి చెప్పే చేశాం, డబ్బు వస్తే వాళ్లకీ వాటా ఉంటుంది అన్నారు. ఆవిడని దొంగ అనడం నాకిష్టం లేదు. కానీ ఏం చెప్పి ఉంటారండీ? అప్పటికి ఆ దేశంలోనే పేటెంటు చట్టం లేదు, 2000లో గానీ రాలేదు. సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు ‘ఒప్పుకుంటున్నాను’ అన్న బొత్తాం నొక్కేముందు ఆ పాఠమంతా మనలో ఎంతమంది చదువుతారు? ఇంగ్లీషొచ్చిన మన సంగతే ఇలా ఉంటే, పేటెంటు అన్న ఊహే లేనివాళ్ల ‘సరే’కి అర్థమేమిటి? సూది గుచ్చడానికి సరే అన్నారా, కణాల మీద పదిహేడేళ్ల హక్కుకి సరే అన్నారా? ఈ రెండూ ఒకటి కావు.

1996లో ఎన్ఐహెచ్ ఆ పేటెంటుని వదులుకుంది. ఏ కోర్టూ అది తప్పని తేల్చలేదు, గొడవ పడలేక వదిలేశారంతే అని నా అభిప్రాయం. ప్రకృతిలో ఉన్న డీఎన్ఏని విడదీసినంత మాత్రాన పేటెంటు రాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పడానికి 2013 దాకా పట్టింది.

పేటెంటుతోనే ఈ కథ అయిపోలేదు. 2010లో దక్షిణాఫ్రికా ప్రాంతపు శాన్ తెగవారి జన్యుపటం నేచర్ పత్రికలో వచ్చింది. పెద్దల అనుమతి అడగలేదనీ, తమ గురించి రాసిన తీరు అవమానకరమనీ శాన్ నాయకులు మండిపడ్డారు. 2017లో తామే నియమావళి రాసుకున్నారు. వాళ్ల దగ్గరికి పరిశోధనకని వెళ్లేవాళ్లు ఇప్పుడు ముందుగా తమ ప్రతిపాదన శాన్ మండలి ముందు పెట్టాలి.