ఎదుటివాని కన్ను

భద్రాచలంలో స్వామి దర్శనం చేసుకొని రాత్రివేళ కొత్తగూడేనికి మరలి రావడం ఈ ప్రాంతపు కుటుంబాలకు అలవాటైన ప్రయాణమే. దూరం నలభై కిలోమీటర్లు. 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన దాటి, సారపాక దీపాలు వెనుకబడిన తరువాత, పాల్వంచ చేరేవరకు చాలాచోట్ల ఇరుప్రక్కలా చీకటే. ఆ దారిలో ఒకనాటి రాత్రి మాకు ఎదురుగా ఒక లారీ వచ్చినది. దాని డ్రైవరు రెండు మూడు మార్లు దీపాలు ఆర్పి వెలిగించినాడు. ఎంత పొగరు అనుకొన్నాము. ఆ వెలుగు మా కండ్లలో కొట్టినది. లారీ దాటిపోయిన మరుక్షణం మాకు రోడ్డు లేదు, చెట్లు లేవు, నల్లని తెర ఒక్కటే మిగిలినది. తెర తొలగేసరికి దీపం లేని ఎడ్లబండి ఒకటి పది గజాలలో ఉన్నది. బ్రేకు పట్టినది కనుక నేడిది వ్రాయగలుగుతున్నాము.

గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి మూడు సెకండ్లలో యాభై మీటర్లు పోతుంది. మిరుమిట్లు గొలిపిన కన్ను తేరుకొనడానికి ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలమే పడుతుంది. మోటారుబండి దీపం తన దారిని తనకు చూపవలెను. ఎదుటివాని కంటిని పొడవకూడదు. ఈ రెండు కోరికలకు పొత్తు కుదరదు. ఐరోపావారు ఒక విధంగా, అమెరికావారు ఇంకొక విధంగా ఈ తగవు తీర్చుకొన్నారు.

తొలినాటి కార్లకు కార్బైడు దీపాలుండేవి. కార్బైడు మీద నీటిబొట్లు పడితే పుట్టే వాయువును మండించేవారు. 1912లో అమెరికాలోని కాడిలాక్ కారులో విద్యుత్తుతో ఇంజను కదలడం, దీపాలు వెలగడం ఒకే ఏర్పాటులో కుదిరినవి. వెలుగు పెరిగినది, దానితో బాధా పెరిగినది. 1920ల నడుమ జర్మనీలో బైలక్స్ అనే బల్బు వచ్చినది. ఒకే బల్బులో రెండు తీగలు. ఒకటి దూరపు వెలుగుకు, ఒకటి దగ్గరి వెలుగుకు. రెండవ తీగ క్రింద చిన్న రేకు దొన్నె అమర్చినారు. వెనుకనున్న దర్పణపు క్రింది సగం మీద పడిన కాంతి పైకి ఎగసి ఎదుటివాని ముఖాన పడుతుంది. దొన్నె ఆ కాంతిని పుట్టినచోటనే ఆపుతుంది. ఫలితంగా వెలుగుకు పైన కత్తితో కోసినట్లు ఒక అంచు ఏర్పడుతుంది. ఐరోపా దీపాల చరిత్రకు ఆ దొన్నెయే మూలమంటే తప్పు లేదు.

అమెరికాలో చిక్కు వేరు. రాష్ట్రానికొక నియమం, కంపెనీకొక దీపం. దర్పణానికి దుమ్ము, తేమ పట్టి మసకబారడం. అందుచేత 1940లో దీపం, దర్పణం, అద్దం కలిపి మూసివేసిన సీల్డ్ బీమ్‌ను ప్రవేశపెట్టినారు. ఏడంగుళాల గుండ్రని దీపాలు రెండు, అన్ని కార్లకు ఒకటే. మాడిపోతే ఏ ఊరి కొట్టులోనైనా దొరుకుతుంది. మార్చిన ప్రతిసారీ దర్పణం కొత్తదే. సామాన్యుని సౌకర్యం తెలిసినవారి పని అది. కాని దానిలో దొన్నె లేదు. కొంత వెలుగు అంచు దాటి పైకి పోతుంది. రోడ్డుకు పైన కట్టిన సూచిక పలకలు కనిపించడానికి ఆ వెలుగు అవసరమే అని వారి వాదం. వెడల్పైన దారుల దేశంలో ఆ వాదం చెల్లినది.

1950లలో ఐరోపావారు ఇంకొక అడుగు వేసినారు. ఎదురుబండి వచ్చే ప్రక్క అంచును క్రిందనే ఉంచి, రోడ్డు ఓరగా నడిచే మనిషి కనబడేటట్లు ఆ ప్రక్క మాత్రం పైకి లేపినారు. కుడిప్రక్కగా నడిచే దేశపు దీపాన్ని ఎడమప్రక్కగా నడిచే మన దేశంలో బిగిస్తే లేచిన వెలుగు సూటిగా ఎదుటివాని కంట పడుతుంది. 1962లో హాలొజన్ బల్బు ఐరోపా కార్లకు ఎక్కినది. అమెరికాకు అది 1970ల చివర గాని చేరలేదు. బల్బు మాత్రమే మార్చుకొనే దీపాన్ని అక్కడ అంగీకరించినది 1983లో. నలభై యేండ్లు ఒకే అచ్చు! ఫ్రాన్సువారు మాత్రం 1930ల నుంచి 1993 వరకు పసుపుపచ్చని దీపాలతో తిరిగినారు. ఆ ముచ్చట వేరొకనాడు.

మన ప్రాంతానికి రెండు దేశాల బండ్లూ వచ్చినవి. నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో ఇరవైయేడు బస్సులతో మొదలైనది. స్వాతంత్ర్యానంతరం బొంబాయిలో ప్రీమియర్ వారు అమెరికా క్రైస్లర్‌తో కూడి డాడ్జి, ఫార్గో లారీలను తయారుచేసినారు. 1954లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ బెంజితో కూడి లారీలు మొదలుపెట్టినారు. కొంతకాలం మన లారీలు దీపాల పై సగానికి నల్లరంగు పూసుకొని తిరిగినవి. అది దొన్నెకు నాటు బదులు. తీగ ప్రక్కన ఉన్న దొన్నె వెలుగుకు దారి చూపుతుంది. అద్దం మీది రంగు వెలుగును తగ్గిస్తుంది, అంతే. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు, దీపానికి ఎనిమిది మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకుండ వెలుగు క్రిందికి వంగి ఉండవలెనని చెప్పినవి. ఇది ఐరోపా ఆలోచనకు దగ్గర.

నడుమ గోడ లేని ఈ అడవి దారులకు ఐరోపా దీపమే తగినదని మా అభిప్రాయం. అయితే దానికీ లోపమున్నది. అంచుకు అవతల నల్లదుప్పటి కప్పుకొని నడిచే మనిషి ఆలస్యంగా కనిపిస్తాడు. అమెరికా దీపపు చిందిన వెలుగు అతనిని కొంచెం ముందే పట్టి ఇవ్వవచ్చును. వెనుక బరువెక్కి బండి కుంగితే ముక్కు లేస్తుంది, దానితో అంచూ లేస్తుంది. అప్పుడు ఎంత మంచి దీపమైనా ఎదుటివానికి శత్రువే.

సింగరేణి గనులలో దిగేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. టోపీకి దీపం ఉన్న మనిషి తోటివానితో మాట్లాడేటప్పుడు తల కొంచెం ప్రక్కకు త్రిప్పుకొంటాడు.

ఇల్లు చేరిన మరునాటి రాత్రి మా కారును ప్రహరీగోడకు ఎదురుగా నిలిపి దీపాలు వెలిగించి చూచినాము. ఎడమ దీపపు అంచు ఉండవలసినచోట ఉన్నది. కుడి దీపపు అంచు దానికంటె జానెడు పైన ఉన్నది. వెనుక సీటులో నలుగురు, డిక్కీలో సామాను. ఆ రాత్రి అది ఇంకెంత లేచినదో. లారీ డ్రైవరు దీపాలు ఆర్పి వెలిగించినది మాకు చెప్పడానికే.