బడిపంక్తిలో మిగిలిన మెతుకు

పంక్తిలో గూర్చుండిన పిల్లవాడు విస్తరిలో నన్నము విడిచి లేచినచో నింటి పెద్దవారేమందురో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ మందలింపే యొక దేశమున ప్రభుత్వపు పనియై, బడిపిల్లలచేత ప్రతిజ్ఞ చేయించువఱకు బోయినది. ఆ కథతో నీ ప్రసంగము నారంభించెదను.

1917వ సంవత్సరమున అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున బ్రవేశించినది. ఐరోపాలోని మిత్రరాజ్యములకు గోధుమయు మాంసమును పంపవలసి యుండెను. ఆహారవిషయములు చూచుటకై హెర్బర్టు హూవరు అను నాయనను నియమించిరి. పిదప 1929లో ఆ దేశాధ్యక్షుడైనది ఈయనయే. ఈయన కార్యాలయమువారు గృహిణులకు జెప్పుటతో నూరకుండక, పిల్లలకును ఒక ప్రతిజ్ఞ నేర్పరచిరి. పళ్లెములో నేమియు మిగుల్పనని దాని భావము. 1918లో యుద్ధము ముగియగా ప్రతిజ్ఞయు మూలబడెను. రెండవ యుద్ధము తరువాత ఐరోపా యాకలితో నలమటించుచుండగా, 1947లో బడులలో పళ్లెము ఖాళీచేయు పిల్లల సంఘములు మరల వెలసెను.

అంతకు ముందటి యేడే, అనగా 1946 జూను 4వ తేదీన, ట్రూమను అధ్యక్షుడు బడిభోజనపు చట్టముపై సంతకము చేసెను. అప్పటినుండి బడిలో భోజనము దేశవ్యవహారమైనది. పళ్లెములో నేమేమి యుండవలెనో పెద్దలు కొలిచి నిర్ణయించిరి. పిల్లవాడు వలదన్నను ఆ పదార్థము పళ్లెములో బడుచుండెను; వాడు దానిని ముట్టక చెత్తబుట్టలో వేయుచుండెను. ప్రతిజ్ఞ చేయించుట చెడ్డదని నేననను. కాని ఆకలిలేని పొట్టలోనికి అన్నమును త్రోయుట పొదుపగునని నాకు దోచదు. బుట్టలో బడినను, వలదన్న పొట్టలో బడినను వ్యర్థము వ్యర్థమే.

ఈ సంగతి అచటివారికిని గొంత యాలస్యముగా దెలిసినది. 1975లో చట్టమును సవరించి, పెద్ద తరగతుల విద్యార్థులు తమకు వలదనిన పదార్థములు కొన్నింటిని నిరాకరింపవచ్చుననిరి. తరువాత పరిశోధకులు పిల్లల పళ్లెములలో మిగిలినదానిని తూచి చూచిరి. వారికి దేలినది విచిత్రముగా నున్నది. భోజనము తరువాత నుండు ఆటవిడుపును భోజనమునకు ముందునకు మార్చగా, పాఱవేయు నాహారము నూటికి సుమారు 35 పాళ్లనుండి 24 పాళ్లకు దిగినట్లు 1996లో ప్రకటించిరి. తినుటకు 20 నిమిషములు మాత్రమే యిచ్చినచోట నూటికి 43 పాళ్లకు మించి వ్యర్థము కాగా, 30 నిమిషము లిచ్చినచోట 27 పాళ్లే యైనదని 2004లో మఱియొక పరిశోధన తెలిపినది. ఆటకు దొందరపడు పిల్లవాడు అన్నమును విడిచి పరుగెత్తును. ఇది మన పల్లెలోని యే బామ్మ నడిగినను జెప్పియుండును; అయినను తూచి చెప్పిన మాటకు అధికారులు చెవియొగ్గుదురు.

ఇక పళ్లెము మాట. న్యూయార్కు నగరపు బడులలో చాలకాలము మన యూళ్లలో థర్మాకోలని పిలుచు నురుగు ప్లాస్టిక్కు పళ్లెములు వాడిరి. కడుగు పనిలేదు, వెల తక్కువ. దినమునకు 8 లక్షలకు మించిన పళ్లెములు బుట్ట పాలగుచుండెను. చేతికి వచ్చినది మొదలు పాఱవేయువఱకు దాని పని యరగంట. ఆపైన అది కుళ్లదు, కరగదు, ముక్కలై నేలలోను నీటిలోను జేరును. మన మోదుగాకు విస్తరి సంగతి వేఱు. దానిని దిబ్బలో వేసినచో మేక తినును, లేదా వానకాలము గడచునప్పటికి ఎరువగును.

2009లో డెబ్బీ లీ కోహెన్ అను కళాకారిణి ఈ పళ్లెములను బడులనుండి తొలగింపవలెనని యొక సంఘమును స్థాపించెను. మొదట జేసినది చిన్నపనియే. పిల్లలు మిగిలిన పాలను ఒక పాత్రలో బోసి, ఎంగిలిని వేఱొక బుట్టలో దులిపి, ఖాళీ పళ్లెములను ఒకదానిపై నొకటి దొంతరగా బేర్చిరి. అంతమాత్రమున చెత్తసంచుల సంఖ్య యెంతయో తగ్గినది. ఎంగిలి కన్నులయెదుట నొకచోట గుప్పగా జేరుటచే, తామెంత పాఱవేయుచున్నారో పిల్లలకు దెలిసినది. 2010లో మంగళవారములందు నురుగు పళ్లెము వాడరాదని నగరపు బడులలో నేర్పాటు చేసిరి. తక్కిన దినముల కడ్డుపడినది వెల. నురుగు పళ్లెము 4 సెంట్లు. మట్టిలో గలియు పళ్లెము 12 సెంట్లు. సెంటనగా డాలరులో నూఱవ పాలు. అప్పుడు న్యూయార్కుతో గూడ ఆఱు పెద్ద నగరముల బడులు ఏకమై, అందఱ కొనుగోలును ఒక్కటిగా జేసి బేరమాడగా, కాగితపు గుజ్జుతో జేసిన గుండ్రని పళ్లెము 4.9 సెంట్లకు దొరకినది. 2015లో న్యూయార్కు బడులనుండి నురుగు పళ్లెము వెడలిపోయెను. మన రైతుల సహకారసంఘమున కిది క్రొత్త విద్య కాదు.

పళ్లెము పోయినను చెంచాలు, పొట్లములు, గొట్టములు మిగిలెను. ఆ నగరములోని బ్రూక్లినులో 5వ తరగతి పిల్లలు తమ భోజనశాలలోని ప్లాస్టిక్కును లెక్కించి వ్రాసికొని, ప్లాస్టిక్కులేని భోజనదిన మొకటి జరిపిరి. వారి యత్నముపై 2019లో నొక చలనచిత్రము వచ్చెను. 2022లో నగరములోని వందలకొలది బడులు అట్టి దినమును జరిపెను.

ఇది పెద్దలు పెట్టిన పద్ధతిని పిల్లలు సరిదిద్దిన కథ. మొదలే పిల్లల చేతికి గరిట నిచ్చిన దేశము జపాను. అచట 1889లో త్సురుఒకా పట్టణమున నొక బౌద్ధాలయపు బడిలో బీదపిల్లలకు అన్నపుముద్దలు, ఉప్పుచేప, ఊరగాయ పెట్టుటతో బడిభోజనము మొదలైనదందురు. 1954లో దానికి చట్టమును, 2005లో ఆహారవిద్యకు వేఱొక చట్టమును జేసిరి. తెల్లని టోపీలు ధరించి పిల్లలే వంతులవారీగా వడ్డింతురు. పాత్రలను దామే తిరిగి యప్పగింతురు. పాల యట్టపెట్టెలను చింపి, కడిగి, ఆరబెట్టి మరల కాగితము చేయుట కిచ్చు బడులెన్నియో కలవు. వడ్డించినవాడు తనచేతి గరిటతో వేసినది నేలపాలగుట చూడలేడు. ప్రతిజ్ఞకంటె ఈ యుపాయము మేలని నా యభిప్రాయము.

మన వైపునకు వత్తము. 1920లో చెన్నపురి నగరపాలకసంఘమువారు థౌజండు లైట్సు బడిలో మధ్యాహ్న ఫలాహార మారంభించిరి. అప్పటి యధ్యక్షులు తెలుగు కుటుంబమున బుట్టిన పిట్టి త్యాగరాయసెట్టిగారు. తలకు దినమునకు ఒక అణాకు మించరాదని నిబంధన. తెలుగునేలపై వండిన యన్నము బడికి 2003లో వచ్చినది. 2024లో ఆంధ్రప్రదేశమున నీ భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకలో వేళకాని వేళ వచ్చినవానికిని అన్నము పెట్టిన యా తల్లి 1909లో గతించిరి. ఆమె ఆకలిని జూచి వడ్డించినవారు. బడిలో వంటవారు హాజరుపట్టీ చూచి వండవలసినవారు. ఆ దినమున సంతయో జాతరయో యున్నచో వండినది మిగులును. సంత యెప్పుడో, జాతర యెప్పుడో ఊరి పెద్దలకు ముందే తెలియును. ఉదయమే వంటవారికి నొకమాట చెప్పి పంపినచో బియ్యము కొలత మాఱును.

ప్లాస్టిక్కు విషయమున మన పిల్లలు అమెరికా పిల్లలకంటె ముందున్నారు. మన బడులలో ననేకచోట్ల స్టీలు పళ్లెములో దినుట, బోరింగు వద్ద దానిని దామే కడుగుకొనుట వాడుక. ఒక్కమాఱు వాడి పాఱవేయు ప్లాస్టిక్కు పళ్లెములను, చెంచాలను, గ్లాసులను భారతప్రభుత్వము 2022 జూలై 1వ తేదీనుండి నిషేధించినది. ఆ నిషేధముతో బడిపిల్లవానికి అంతగా పనిపడలేదు. పనిపడినది పెండ్లిపందిళ్లకును, మన చేతులమీదుగా జరుగు సంతర్పణలకును.