ఆపిల్ పై ఫిల్లింగ్: అందులో ఏముంటుంది, ఎవరికి సరిపడుతుంది?

ఆపిల్ ముక్కలను చక్కెర, దాల్చినచెక్కతో ఉడికించి, కార్న్ స్టార్చ్‌తో చిక్కబరిచిన తీపి మిశ్రమమే ఆపిల్ పై ఫిల్లింగ్. దీన్ని మైదా పొరల మధ్య పెట్టి ఓవెన్‌లో కాలిస్తే ఆపిల్ పై అవుతుంది. బొబ్బట్టుకు పూర్ణం ఎలాగో, దీనికి ఫిల్లింగ్ అలాగ. మన ఊళ్లలో హోళిగె అన్నా, పోళి అన్నా, పురణ్ పోళీ అన్నా రుచంతా పూర్ణంలోనే కదా!

అమెరికాలో ఈ ఫిల్లింగ్ టిన్నుల్లో దొరుకుతుంది. అక్కడి నుంచి సెలవులకు వచ్చే పిల్లల పెట్టెల్లో ఆ టిన్ను, ఇక్కడి బేకరీ డబ్బాలో ఆపిల్ పై ముక్క మన ఇళ్లకూ వస్తున్నాయి. వెంటనే రెండు ప్రశ్నలు: "పండే కదా, షుగరున్న నాన్నగారికి పెట్టొచ్చా?" "ఇది శాకాహారమేనా, అమ్మమ్మ తినొచ్చా?" మొదటిదానికి ఫిల్లింగ్‌ను, రెండోదానికి పైపొరను చూడాలి.

టిన్నులో ఉండేవి

సాధారణంగా ఆపిల్ ముక్కలు, నీరు, చక్కెర లేదా కార్న్ సిరప్, మాడిఫైడ్ కార్న్ స్టార్చ్, సిట్రిక్ యాసిడ్, ఉప్పు, దాల్చినచెక్క ఉంటాయి. లేబుల్ మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. చక్కెర, సిరప్ పేర్లు ఎంత ముందు కనిపిస్తే అంత తీపి.

పోషక విలువలు (100 గ్రాములకు, సుమారుగా)

తొక్కతో పచ్చి ఆపిల్: 52 కేలరీలు, 14 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 2.4 గ్రాముల పీచు.
టిన్ను ఫిల్లింగ్: 100 కేలరీలు, 26 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 1 గ్రాము పీచు.
తయారైన ఆపిల్ పై: 240 కేలరీలు, 11 గ్రాముల కొవ్వు.

అంటే ఫిల్లింగ్‌లో కొవ్వు దాదాపు లేదు. కానీ పండుతో పోలిస్తే కార్బోహైడ్రేట్లు దాదాపు రెట్టింపు, పీచు సగం కన్నా తక్కువ. తొక్క తీసేయడం వల్ల పీచు, ఉడికించడం వల్ల విటమిన్ సి తగ్గుతాయి. కొవ్వంతా పైపొరది.

ఎవరికి ఎలా?

మధుమేహం ఉన్నవారు: దీన్ని పండుగా కాదు, మిఠాయిగా లెక్కపెట్టాలి. 595 గ్రాముల టిన్ను మొత్తంలో సుమారు 155 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి. "నో షుగర్ యాడెడ్" అని ఉన్నా ఆపిల్‌లోని సహజ చక్కెర, స్టార్చ్ పోవు. ఇన్సులిన్ తీసుకునేవారు ఎంత తినవచ్చో డాక్టరును అడగాలి.

శాకాహారులు: ఫిల్లింగ్ సాధారణంగా శాకాహారమే. చిక్కంతా పైపొరతో. విదేశాల్లో కొందరు పంది కొవ్వు వాడతారు. దాన్ని 'లార్డ్' అంటారు. మెరుపు కోసం గుడ్డు పూయడమూ ఉంది. ఇక్కడ అమ్మే ప్యాకెట్ల మీద పచ్చ చుక్క శాకాహారానికి, గోధుమరంగు త్రికోణం మాంసాహారానికి గుర్తు. గుడ్డు ఉన్నా త్రికోణమే వేయాలి. పెట్టెలో వచ్చిన విదేశీ టిన్నుకు ఆ గుర్తు ఉండకపోవచ్చు, కాబట్టి పదార్థాల జాబితా చదవాలి. బేకరీలో అడిగి తెలుసుకోవాలి.

గోధుమ పడనివారు: కార్న్ స్టార్చ్‌లో గ్లూటెన్ లేదు. మైదాతో చిక్కబరిచిన ఫిల్లింగూ, మైదా పైపొరా వీరికి పనికిరావు.

ఉపవాసం ఉన్నవారు: ఏకాదశినాడు ధాన్యం మానేసేవారికి మొక్కజొన్న స్టార్చ్ అడ్డు. మామూలు ఉప్పు ముట్టనివారూ టిన్నును పక్కన పెట్టాలి.

రెండేళ్లలోపు పిల్లలు: చక్కెర కలిపినవి ఈ వయసులో పెట్టకపోవడమే మంచిది. మెత్తగా ఉడికించిన ఉత్త ఆపిల్ చాలు.

ఆపిల్ తింటే కడుపు ఉబ్బేవారు: పండులోని ఫ్రక్టోజ్, సార్బిటాల్ ఉడికించినా ఉంటాయి. కొంచెం తిని చూసుకోవాలి.

ఇంట్లో చేసుకుంటే

అరకిలో ఆపిల్ ముక్కలు తొక్కతోనే తీసుకుని, రెండు పెద్ద చెంచాల చక్కెర, నిమ్మరసం, దాల్చినచెక్క పొడి వేసి సన్న సెగ మీద మగ్గనివ్వాలి. ఒక పెద్ద చెంచా కార్న్ ఫ్లోర్ నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఇలా చేస్తే పీచు నిలుస్తుంది, చక్కెర మన చేతిలో ఉంటుంది. చక్కెర అసలు వేయకపోయినా బాగానే ఉంటుంది. దీన్ని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడుకోవాలి; సీసాల్లో నెలల తరబడి నిల్వకు పనికిరాదు. కార్న్ ఫ్లోర్ చిక్కదనం వల్ల సీసా మధ్యదాకా వేడి సరిగా చేరదు. తెరిచిన టిన్నులో మిగిలినది గాజు లేదా స్టీలు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు ముగించాలి.

మొత్తంమీద మేం చెప్పేది ఇదే: నాన్నగారికి రోజూ పండు ఇవ్వండి, ఫిల్లింగ్ పండగపూట రెండు చెంచాలు చాలు. అమ్మమ్మకు పెట్టేముందు పైపొరలో ఏముందో ఒక్కసారి అడగండి.